లిమస్సోల్ నుంచి ఒక్కరోజు కొండ ఊళ్లకు: ఐదు చోట్లు వద్దు, మరథాస లోయ ఒక్కటి చాలు

ముందు మీరు అడిగింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో చెప్తాను. అక్టోబరు మూడో వారంలో మీ దంపతులు, ఏడేళ్ల పాప, మీ అమ్మానాన్నలు సైప్రస్ వస్తున్నారు. బస లిమస్సోల్‌లో. బీచ్‌లు చాలనిపించాక ఒక రోజు పక్కకు తీసి, రద్దీ లేని కొండ ఊళ్లు చూడాలనుకుంటున్నారు. ఆదివారం కారు అద్దెకు తీసుకుని ఓమోదోస్, ప్లాట్రెస్, ట్రూడోస్ శిఖరం, కిక్కోస్ మఠం, కాకోపెట్రియా చుట్టి రాత్రికి తిరిగి రావచ్చా అన్నారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. నాన్నగారు మాంసం, గుడ్డు ముట్టరు.

చుట్టి రావచ్చు, దూరాలేమీ అసాధ్యం కాదు. కానీ మీకు కావలసింది ప్రశాంతత అని రాశారు. ఈ జాబితాలో అది ఎక్కడా దొరకదు. రోజులో సగం కారులో, మిగతా సగం పార్కింగ్ వెతుక్కోవడంలో పోతుంది.

ఇది అనుభవం మీద చెప్తున్న మాట. నేను లిమస్సోల్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. మా అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు దాదాపు ఇదే జాబితా వేసుకుని బయల్దేరాను. రెండో ఊరు దాటేసరికి మలుపులకు అమ్మకు కడుపులో తిప్పింది, రోడ్డు పక్కన ఆపి వాంతి చేయించాల్సి వచ్చింది. మూడో చోటికి చేరేసరికి గుడి మూసి ఉంది. సాయంత్రం ఇంటికొచ్చాక, "ఏం చూశారు?" అని చెల్లెలు ఫోన్‌లో అడిగితే నాన్న కాసేపు ఆలోచించి "కొండలు" అన్నారు. ఆ ఒక్క మాట నన్ను చాలాకాలం బాధపెట్టింది. అంత దూరం నుంచి పిలిపించి నేను వాళ్లకు చూపించింది కారు కిటికీ. తర్వాతి ఏడాది సెప్టెంబరులో వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు ఒకే లోయకు తీసుకెళ్లాను. ఆ రోజు సంగతులు మా అమ్మ ఇప్పటికీ ఊళ్లో చెప్తూ ఉంటుంది. అందుకే మీకూ ఆ లోయనే చెప్తున్నాను.

దాని పేరు మరథాస. ట్రూడోస్ పర్వతాలకు ఉత్తరం వైపు దిగే లోయ. సెత్రాకోస్ అనే చిన్న ఏరు వెంట పై నుంచి కిందికి వరుసగా పెడూలాస్, ముటుల్లాస్, కాలోపనాయోటిస్ అనే మూడు ఊళ్లు ఉంటాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి కారులో ఐదారు నిమిషాలు. అంటే ఒకసారి అక్కడికి చేరాక ఇక ప్రయాణం అయిపోయినట్టే, మిగిలిందంతా తిరగడం, కూర్చోవడం. వెళ్లే దారిలో లానియా అని ఇంకో చిన్న ఊరు కలుపుకోండి. ఈ రోజుకు అంతే.

మొదట చెప్పాల్సింది ఆదివారం వద్దని. ఇక్కడి నగరాల్లో ఉన్నవాళ్లలో చాలామందికి కొండల్లో ఒక సొంతూరు ఉంటుంది. తాతముత్తాతలు అక్కడ ద్రాక్షతోటలు చేసుకున్నవాళ్లు. పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు లిమస్సోల్, నికోసియా దిగిపోయారు, ఇంకొందరు లండన్‌కో ఆస్ట్రేలియాకో వెళ్లిపోయారు. వారమంతా తాళాలు వేసి ఉండే ఇళ్లు ఆదివారం తెరుచుకుంటాయి. వాళ్లకది పండగ, మీకు ట్రాఫిక్. బుధవారమో గురువారమో వెళ్లండి. వారం మొదట్లో కొన్ని హోటళ్లు మూసి ఉంచుతారు కాబట్టి సోమ, మంగళవారాలు కూడా సిఫారసు చేయను.

డ్రైవింగ్ గురించి టెన్షన్ పడుతున్నట్టు రాశారు. ఒక విషయం మీకు అనుకూలం: 1878 నుంచి 1960 దాకా ఇది బ్రిటిష్ పాలనలో ఉన్న దీవి కాబట్టి ఇక్కడ మనలాగే ఎడమ వైపు నడుపుతారు, స్టీరింగ్ కుడి వైపు ఉంటుంది. యూరప్‌లో చాలా చోట్ల కారు తీసుకుంటే తికమక పడతాం, ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇంటి దగ్గరే తీసుకుని రండి. పాపకు చైల్డ్ సీటు కారు బుక్ చేసేటప్పుడే అడగండి, అక్కడికెళ్లాక దొరక్కపోవచ్చు. ఐదుగురికి మరీ చిన్న కారు వద్దు, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మొరాయిస్తుంది. ఆటోమేటిక్ తీసుకోండి. అయితే దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి అలాగే దిగొద్దు. గేరు తగ్గించి ఇంజన్ పట్టు మీద దిగితే బ్రేకులు వేడెక్కవు. మన తిరుమల ఘాట్ రోడ్డు నడిపిన చెయ్యి అయితే ఇక్కడ ఏ కష్టమూ లేదు. తేడా ఒకటే, అక్కడ ఎక్కేదారి, దిగేదారి వేరు, ఇక్కడ ఎదురు బండ్లు వస్తాయి.

మ్యాప్ యాప్ ఒక్కోసారి "ఆరు నిమిషాలు తక్కువ" అంటూ పొలాల మధ్య మట్టి దారిలోకి తిప్పుతుంది. ఒప్పుకోవద్దు. లిమస్సోల్ నుంచి ప్లాట్రెస్ దాకా బి8 అనే పెద్ద రోడ్డు, అక్కడి నుంచి ప్రోద్రోమోస్, ఆ తర్వాత పెడూలాస్. అంతా మంచి తారు రోడ్డు. బోర్డులు గ్రీకుతో పాటు ఇంగ్లిష్ అక్షరాల్లోనూ ఉంటాయి. పెట్రోలు లిమస్సోల్‌లోనే నింపుకోండి.

ఉదయం ఏడున్నరకల్లా బయల్దేరండి. అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. అల్లం మురబ్బా గానీ, ఉప్పు రాసిన నిమ్మచెక్క గానీ చేతికందేలా ఉంచండి. మా ఇంట్లో ఇప్పుడు అది అలవాటైపోయింది. టిఫిన్ కడుపునిండా కాకుండా కొద్దిగా తినిపించండి.

ఊరు దాటిన కాసేపటికి ఎడమ వైపు కూరిస్ జలాశయం కనిపిస్తుంది. దీవిలో ఇదే పెద్దది. దీన్ని కట్టినప్పుడు అలాస్సా అనే ఊరు మునిగింది, ఊరివాళ్లను పైకి తరలించారు. నీళ్లు బాగా తగ్గిన ఏళ్లలో పాత ఊరి చర్చి బయటపడుతుంది. శ్రీశైలం ముంపు ఊళ్ల కథలు విన్న కుటుంబమైతే నాన్నగారికి చెప్పండి, ఆయనకు వెంటనే మనసుకు తాకుతుంది. మీరు వచ్చే అక్టోబరు, అంటే వేసవి అంతా ఎండిపోయి వానలు ఇంకా మొదలవని కాలం, నీటి మట్టం ఎక్కువగా అడుగునే ఉంటుంది.

లానియా లిమస్సోల్‌కు పాతిక కిలోమీటర్ల దగ్గర, పెద్ద రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. కారు ఊరి మొదట్లోనే వదిలేయండి. రాతి గోడలు, నీలం రంగు తలుపులు, గుమ్మాల మీద పాకిన ద్రాక్షతీగ, మనిషి ఎత్తు మట్టి బానలు. ఆ బానలను ఇక్కడ పిథారి అంటారు. ఒకప్పుడు ప్రతి ఇంట్లో వాటిలోనే ద్రాక్షసారా పులియబెట్టేవారు. ఇది కమాండరియా అనే తీపి వైన్ చేసే పద్నాలుగు ఊళ్లలో ఒకటి. కోసిన ద్రాక్షను వారం పది రోజులు ఎండలో పరచి, తీపి చిక్కబడ్డాక పిండుతారు. పన్నెండో శతాబ్దం చివర్లో ఈ దీవి క్రూసేడ్ సైనికుల చేతికి వచ్చాక, కొలొస్సీ కోట కేంద్రంగా ఈ తోటలను ఏలిన సైనిక సన్యాసుల కమాండరీ, అంటే వాళ్ల ఏలుబడిలోని ఎస్టేటు, వల్ల ఆ పేరు వచ్చింది. బండి నడిపేవాళ్లు రుచి కూడా చూడొద్దు, ముందు ఇంకా చాలా మలుపులున్నాయి. ఊళ్లో చిత్రకారులు కొందరు స్థిరపడ్డారు, తలుపు తెరిచి ఉంటే వాళ్ల బొమ్మలు చూడొచ్చు. ముప్పావుగంట చాలు. దారులు దాదాపు చదునుగానే ఉంటాయి కాబట్టి అమ్మగారు కూడా తిరగగలరు.

ప్లాట్రెస్‌లో ఆగకండి. బ్రిటిష్ అధికారులు ఎండాకాలం విడిదిగా మార్చుకున్న ఊరది, మనకు ఊటీలాగా. బాగుంటుంది కానీ మీరు వెతికే పల్లె అది కాదు. అక్కడి కాలెడోనియా జలపాతానికి వెళ్లే కాలిబాట మోకాళ్లకు పరీక్ష.

ప్రోద్రోమోస్ దగ్గర ఒక ఐదు నిమిషాలు ఆగండి. సుమారు 1,400 మీటర్ల ఎత్తులో ఉన్న ఈ ఊరు దీవిలో అన్నిటికన్నా ఎత్తైన ఊళ్లలో ఒకటి. కారు దిగగానే గాలి మారుతుంది. లిమస్సోల్‌తో పోలిస్తే ఇక్కడ ఏడెనిమిది డిగ్రీలు తక్కువ ఉంటుంది, సాయంత్రానికి ఇంకా తగ్గుతుంది. పెద్దవాళ్లకు స్వెటర్, పాపకు పూర్తి చేతుల చొక్కా కారులో ఉండాలి. అప్పటికే పాప విసిగిపోయి ఉంటే ఇది చెప్పండి: నువ్వు నిలబడిన ఈ కొండ సుమారు తొమ్మిది కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున ఉండేది. ఇది కథ కాదు. సముద్రగర్భపు నేల పైకి లేచి బయటపడిన చోటుగా ట్రూడోస్‌ను ప్రపంచమంతటి నుంచి భూగర్భ శాస్త్రవేత్తలు వచ్చి చూస్తారు. ఇక్కడి రాగి గనులు ఎంత పేరుపొందాయంటే లాటిన్‌లో రాగికి ఉన్న పేరు ఈ దీవి పేరు నుంచే పుట్టింది. మా అబ్బాయికి ఆ వయసులో ఇది చెప్తే రోజంతా రాళ్లు ఏరాడు.

పెడూలాస్‌కు పదిన్నర ప్రాంతంలో చేరతారు. ఊరు చెర్రీ తోటలకు పేరు. ఏప్రిల్‌లో కొండంతా తెల్లగా పూస్తుంది. మీకు పూలు ఉండవు గానీ ఆకులు పసుపు, ఎరుపు తిరగడం మొదలవుతుంది. ఇక్కడ మీరు తప్పకుండా చూడాల్సింది ఒక్కటే, 1474లో కట్టిన ఆర్కేంజెల్ మైకేల్ చర్చి.

బయటి నుంచి చూస్తే మీకు నిరాశ కలుగుతుంది, ముందే చెప్తున్నాను. గోపురం లేదు, గంటస్తంభం లేదు. మన పల్లెల్లో గడ్డివాము పక్కన ఉండే కొట్టంలా ఉంటుంది: రాతి గోడలు, నేల దాకా వాలిన పెంకుల కప్పు, చిన్న చెక్క తలుపు. ఈ కొండల్లో శీతాకాలం మంచు కురుస్తుంది. మంచు నిలవకుండా జారిపోవడానికి కప్పును అంత వాలుగా వేశారు. కొన్ని చోట్ల లోపల గుండ్రటి గుమ్మటం ఉన్నా దాని మీద మళ్లీ ఇలాంటి కప్పే వేశారు. తల వంచి లోపలికి అడుగు పెట్టి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఒక నిమిషం ఆగండి. అప్పుడు గోడలు కనిపించడం మొదలవుతుంది. నేల నుంచి కప్పు దాకా ఒక్క అరచేతి మేర కూడా ఖాళీ లేకుండా బొమ్మలు. మినాస్ అనే చిత్రకారుడు వేశాడు, ఈ లోయవాడే.

ఒక గోడ మీద ఈ గుడి కట్టించిన వాసిలియోస్ అనే ఊరి పూజారి కనిపిస్తాడు. బొమ్మంత చిన్న గుడిని రెండు చేతులా పట్టుకుని దేవదూతకు సమర్పిస్తుంటాడు. వెనక ఆయన భార్య, ఇద్దరు కూతుళ్లు, ఆ కాలపు బట్టల్లో. మా నాన్న ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. "లేపాక్షిలో విరుపణ్ణ లేడూ, అలాగే" అన్నారు. నిజమే. లేపాక్షి కప్పు మీద విరుపణ్ణ, వీరణ్ణ దేవుడికి నమస్కరిస్తూ ఉన్న బొమ్మలు ఇంకో అరవై డెబ్బై ఏళ్ల తర్వాతివి. గుడి కట్టించినవాడు తన ఇంటివాళ్లతో సహా దేవుడి ముందు నిలబడాలనుకోవడం అక్కడా ఇక్కడా ఒకటే. వేరే మతం గుడికి పెద్దవాళ్లను ఎందుకు తీసుకెళ్లడం అని మీరు సందేహించారు కదా, ఆ బొమ్మ చూపించండి. ఇక మీరు ఏమీ వివరించక్కర్లేదు.

ట్రూడోస్‌లో ఇలాంటి బొమ్మల చర్చిలు పది యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి. 1985లో తొమ్మిదింటిని చేర్చారు, 2001లో ఇంకొకటి కలిపారు. పదింటిలో మూడు ఈ ఒక్క లోయలోనే ఉన్నాయి, ఊరికి ఒకటి చొప్పున. ఇంత మారుమూల కొండల్లో ఇవెందుకు వచ్చాయంటే, 1192 నుంచి దీవిని ఫ్రెంచ్ లుసిన్యాన్ రాజవంశం ఏలింది. వాళ్లది రోమ్ చర్చి, ప్రజలది గ్రీకు ఆర్థడాక్స్. 1260లో పోప్ ఆజ్ఞతో గ్రీకు బిషప్పులను పెద్ద నగరాల నుంచి మారుమూల ఊళ్లకు పంపించేశారు. పెద్ద కట్టడాలు పాలకుల చేతిలో ఉంటే, ఊళ్లలో ఉన్నవాళ్లు తమకున్నదానితో చిన్న గుళ్లు కట్టుకుని, బయట కనిపించని సంపదంతా లోపలి గోడలకు పెట్టారు. నేను ఈ చర్చిల్లోకి వెళ్లిన ప్రతిసారీ ఇదే గుర్తొస్తుంది.

కొన్ని జాగ్రత్తలు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. చీర, పంచె, సల్వార్ అన్నీ బాగానే ఉంటాయి. లోపల ఫొటోలు తీయకూడదు, ఫ్లాష్‌తో రంగులు పాడవుతాయి. గోడలను పాప తాకకుండా చూడండి. టికెట్టు లేని చోట హుండీలో ఒకటి రెండు యూరోలు వేయండి. ఈ గుళ్లు చూసుకునేది ఊళ్లో ఒకరిద్దరే, ఎప్పుడూ తెరిచి ఉంటాయని అనుకోవద్దు. తాళం వేసి ఉంటే వెనక్కి తిరగకుండా దగ్గరలోని కాఫీ కొట్లో అడగండి. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అక్కడ ఎవరికైనా తెలుస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక రెండు మూడు గంటలు ఊరంతా కునుకు తీస్తుంది, ఆ సమయంలో ఎవరి తలుపూ తట్టొద్దు. అందుకే గుళ్లు పొద్దున చూసి, మధ్యాహ్నం భోజనానికి, కూర్చోవడానికి వదిలేయమంటున్నాను.

ముటుల్లాస్‌లోని పనాయియా (మేరీమాత) చర్చి 1280 నాటిది, ఇంకా చిన్నది. దానికి కొంచెం ఎత్తు ఎక్కాలి. అమ్మగారు, పాప కారు దగ్గర ఉంటే మీరు, నాన్నగారు పావుగంటలో చూసి రావచ్చు. ఓపిక లేకపోతే వదిలేసినా నష్టం లేదు. దుకాణాల్లో ముటుల్లాస్ పేరుతో మంచినీళ్ల సీసాలు చూసే ఉంటారు, ఆ నీళ్ల ఊరు ఇదే.

ఇక కాలోపనాయోటిస్. సుమారు 700 మీటర్ల ఎత్తు, పెడూలాస్ కన్నా కాస్త వెచ్చగా ఉంటుంది. ఊరు కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఏటి దాకా దిగుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఇలాంటి చోటికి తీసుకెళ్లమంటున్నానేమిటి అనుకోకండి. పై రోడ్డు నుంచి ఊళ్లోకి దిగడానికి ఇక్కడ లిఫ్ట్ కట్టారు. ఆ రోజు లిఫ్ట్ నడవకపోయినా, వంతెన దాటి అవతలి గట్టు మీది సెయింట్ జాన్ లాంపడిస్తిస్ మఠం దగ్గరికి కారు వెళ్తుంది. ఒకే పెద్ద వాలు కప్పు కింద పక్కపక్కనే మూడు చర్చిలు ఉండటం దీని ప్రత్యేకత. మొదటిది పదకొండో శతాబ్దంలో మొదలైంది, పక్కన ఇంకోటి, ఆ తర్వాత మూడోది. మూడోదాని గోడల మీద 1500 ప్రాంతంలో వేసిన బొమ్మల్లో ఇటలీ పద్ధతి కనిపిస్తుంది. ముఖాల్లో మెత్తదనం, వెనక దృశ్యాల్లో లోతు ఉంటాయి. పెడూలాస్ చూసిన కళ్లతో రెండు గంటల్లోపే దీన్ని చూస్తే తేడా ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఊరికి గంధకపు ఊటలు కూడా ఉన్నాయి, ఏటి ఒడ్డున నడుస్తుంటే ఆ వాసన తగులుతుంది.

భోజనం ఇక్కడే చేయండి. కొండ ఊళ్ల భోజనం అంటే ఎక్కువగా పంది, మేక మాంసం. నాన్నగారికి ఏమీ ఉండదని భయపడకండి, ఆర్డర్ ఎలా చెప్పాలో తెలిస్తే చాలు. ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఏడాదిలో చాలా రోజులు ఉపవాసాలుంటాయి. అప్పుడు మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు. ఆ వంటలను నిస్తీసిమా అంటారు. ఆ మాట అంటే వంటింట్లోవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఒక్క జాగ్రత్త: రొయ్య, ఆక్టోపస్ లాంటివి వాళ్ల లెక్కలో ఉపవాసానికి పనికొస్తాయి. కాబట్టి "చేప, సముద్రపు తిండి ఏదీ వద్దు" అని విడిగా చెప్పండి. ఇంగ్లిష్ దాదాపు అందరికీ వస్తుంది.

అడగాల్సినవి: లూవి ఉందా అని మొదట అడగండి. అది మన అలసందలే, ఆకుకూరతో ఉడికించి పైన ఆలివ్ నూనె, నిమ్మరసం పోస్తారు. ఫాకెస్ అంటే మసూర్ పప్పు. పుర్గూరి అంటే గోధుమరవ్వతో టమాటా వేసి వండే ఉప్మా లాంటిది, మాంసపు నీళ్లతో వండలేదు కదా అని అడిగి తీసుకోండి. కొలొకాసి మన చేమదుంపే, కానీ చాలాసార్లు పంది మాంసంతో కలిపి వండుతారు, చూసుకోండి. హలూమి జున్నుముక్కలు కాల్చి ఇస్తారు, పాపకు నచ్చుతుంది. నాన్నగారు మరీ నిష్ఠగా ఉంటే ఒక విషయం తెలియాలి: సంప్రదాయంగా హలూమి పాలు విరగడానికి వాడే రెనెట్ జంతువుల కడుపు నుంచి తీసేది. తినాలా వద్దా అన్నది ఆయనే నిర్ణయించుకోవాలి, తిన్నాక తెలిస్తే బాధపడతారు. కారం కావాలంటే పచ్చడి పొడి సీసా వెంట తెచ్చుకోండి. మేం ఎప్పుడూ తీసుకెళ్తాం, ఎవరూ ఏమీ అనుకోలేదు. పైగా ఒకసారి పక్క బల్ల పెద్దాయన అడిగి మరీ కందిపొడి రుచి చూశాడు.

అక్టోబరులో వస్తున్నారు కాబట్టి మీకు దక్కే అదృష్టం పలూజే. తాజా ద్రాక్షరసాన్ని పిండితో చిక్కగా కాచిన హల్వా. బాదం గింజలు దారానికి గుచ్చి దానిలో ముంచి ఆరబెట్టి, మళ్లీ ముంచి ఆరబెట్టి చేసేది సుజూకోస్. పొరపొరగా ఆరబెట్టే ఆ పద్ధతి చూసి మా అమ్మ "ఇది ద్రాక్షతాండ్ర కదరా" అంది. ఆత్రేయపురం తాండ్ర తిన్నవాళ్లకు అంతకన్నా మంచి వివరణ లేదు. గుడ్డు, జెలటిన్ ఏమీ ఉండవు కనుక ఇంటికి తీసుకెళ్లడానికి నేను చెప్పేది ఇదే.

భోజనం తర్వాత ఏం చేయాలి? ఏమీ చేయకండి. నేను ఈ సమాధానం రాయడానికి అసలు కారణం ఇదే. ఒక కాఫెనీయోలో, అంటే ఊరి కాఫీ కొట్లో, రెండు గంటలు కూర్చోండి. చిన్న పిడి గిన్నెలో కాచిన చిక్కటి కాఫీ ఇస్తారు, పాలుండవు. చక్కెర లేకుండా కావాలంటే స్కేటో, మధ్యరకంగా కావాలంటే మేత్రియో, తీపిగా కావాలంటే గ్లీకో అనాలి. కాచేటప్పుడే చక్కెర వేస్తారు కనుక ముందే చెప్పాలి. అడుగున మడ్డి ఉంటుంది, చివరి గుక్క తాగకూడదు. నాన్నగారిని అలా నీడన కూర్చోబెట్టండి. ఊరి పెద్దలు చేతిలో జపమాల లాంటి పూసలు తిప్పుతూ, పేక ఆడుకుంటూ అక్కడే ఉంటారు. మన రచ్చబండే అది.

మేం అలా కూర్చున్న రోజు పక్కింటి డాబా మీద ఒక ముసలావిడ గుడ్డ మీద ఏవో తెల్లటి ముద్దలు తిరగేస్తోంది. మా అమ్మ లేచి వెళ్లింది. అవి త్రహనాస్, పులిసిన పాలలో గోధుమరవ్వ ఉడికించి ఎండబెట్టేవి, చలికాలంలో చారు కాచుకుంటారు. అమ్మ ఒకటి విరిచి వాసన చూసి, "చల్ల వడియాలు" అంది తెలుగులో. ఆవిడ గ్రీకులో ఏదో అంది. ఒకరి మాట ఒకరికి రాదు. ఇద్దరూ గుడ్డకు చెరో వైపు కూర్చుని అరగంట సేపు వడియాలు తిరగేశారు. తర్వాత ఆవిడ లోపలి నుంచి సిరప్‌లో ఊరేసిన లేత అక్రోటుకాయ ఒకటి చిన్న పళ్లెంలో పెట్టి, పక్కన గ్లాసుడు చల్లటి నీళ్లతో తెచ్చి ఇచ్చింది. వచ్చినవాళ్లకు అలా చెంచాతో తినే తీపి పెట్టడం ఇక్కడి మర్యాద. "కోప్యాస్తే" అనే మాట వింటారు, "రండి, మాతో కూర్చుని తినండి" అని అర్థం. మొహమాటానికి అనే మాట కాదది. పిలిస్తే వెళ్లండి, కాదంటే నొచ్చుకుంటారు. డబ్బు ఇవ్వబోకండి, అదీ నొచ్చుకునే పనే. ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఒక పెట్టె పూతరేకులో, కాజాలో కారులో ఉంచుకోండి.

మీకు కూడా ఇలాగే జరుగుతుందని నేను మాట ఇవ్వలేను. కానీ ఐదు ఊళ్ల జాబితా చేతిలో ఉంటే ఇలాంటిది జరగడానికి చోటే ఉండదు. మా మొదటి ప్రయాణంలో మేం ఏ ఊళ్లోనూ నలభై నిమిషాలకు మించి లేము.

నాలుగుంపావుకల్లా తిరుగు ప్రయాణం మొదలుపెట్టండి. మీరొచ్చే వారంలో ఆరు గంటల ప్రాంతంలో పొద్దుగూకుతుంది. ఈ మలుపుల్లో చీకట్లో నడపడం కొత్తవాళ్లకు మంచిది కాదు. ప్రయాణం నెలాఖరుకు మారితే మాత్రం జాగ్రత్త: అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, ఆ తర్వాత ఐదింటికే చీకటి పడుతుంది. అప్పుడు రోజంతా గంట ముందుకు జరుపుకోండి. వచ్చిన దారినే వెళ్లండి, కొత్త దారి ప్రయోగాలు వద్దు.

మీ జాబితాలో మిగిలినవాటి గురించి. కిక్కోస్ మఠం పన్నెండో శతాబ్దం తొలినాళ్ల నుంచి పేరున్న, బాగా సంపన్నమైన మఠం. సైప్రస్ మొదటి అధ్యక్షుడు ఆర్చ్‌బిషప్ మకారియోస్ చిన్నతనంలో అక్కడే శిష్యుడిగా చేరారు, సమాధి కూడా ఆ పైకొండ మీదే ఉంది. కానీ పెడూలాస్ నుంచి ఇంకో ఇరవై కిలోమీటర్ల మలుపులు, టూరిస్టు బస్సుల రద్దీ. మీ అమ్మగారి కోసమైనా ఈసారి వదిలేయండి. ఓమోదోస్ అందమైనదే, రాళ్లు పరిచిన చౌరస్తా, మఠం, లేసు అల్లికల దుకాణాలు ఉంటాయి. లిమస్సోల్‌కు దగ్గర కనుక వేరే రోజు పొద్దున్నే, బస్సులు రాకముందు వెళ్లి పదకొండింటికి వెనక్కి రావచ్చు. కాకోపెట్రియాకు నికోసియా నుంచి వెళ్లడం సులువు. మీ ప్రయాణంలో నికోసియా ఉంటే దాన్ని అటు కలుపుకోండి.

వాన పడే సూచన ఉంటే రోజు మార్చుకోండి. వేసవి తర్వాత తొలి వానకు ఈ రోడ్లు బాగా జారతాయి. కారు లేకుండా బస్సులో వెళ్లొచ్చా అని మీ ఆవిడ అడిగారన్నారు. కొండలకు బస్సులున్నాయి గానీ రోజుకు కొన్నే. ముసలివాళ్లతో, చిన్న పాపతో ఒక్కరోజులో ఈ లోయ చూసి రావడానికి వాటిని నమ్ముకోలేం. నడపడం వద్దనుకుంటే రోజంతటికీ డ్రైవర్‌తో టాక్సీ మాట్లాడుకోండి. ధర, ఎన్ని గంటలు, ఏయే ఊళ్లు అన్నది బయల్దేరే ముందే తేల్చుకోండి. మధ్యాహ్నం రెండు గంటలు ఆగుతామని కూడా చెప్పండి, లేకపోతే డ్రైవర్ తొందరపెడతాడు. చిల్లర యూరోలు దగ్గర ఉంచుకోండి, చిన్న కాఫీ కొట్లలో కార్డు తీసుకోకపోవచ్చు. ఏదైనా ఆపద వస్తే 112కు ఫోన్ చేయాలి.

వెళ్లే ముందురోజు మీరున్న హోటల్ రిసెప్షన్‌లో అడిగి పెడూలాస్ గుడికి, కాలోపనాయోటిస్ మఠానికి ఫోన్ చేయించండి. గ్రీకులో మాట్లాడేవాళ్లు చేస్తే ఏ వేళకు తెరిచి ఉంటుందో సరిగ్గా చెప్తారు. పెడూలాస్ పొద్దున మూసి ఉంటుందంటే క్రమం తిరగేసి ముందు కాలోపనాయోటిస్‌కు దిగిపోండి, భోజనం అక్కడే చేసి, వెనక్కి ఎక్కేటప్పుడు పెడూలాస్ చూడండి.